మీకు తెలుసా? కాపురానికి రమ్మనే డిక్రీని కాదన్న జడ్జి

భార్యను బలవంతంగా కాపురానికి పంపే డిక్రీ రాజ్యాంగ విరుద్ధమని 1983లోనే తీర్పు చెప్పిన న్యాయమూర్తి ఆంధ్రప్రదేశ్ హైకోర్టులో ఉండేవారు. ఆయనే జస్టిస్ పి.ఎ. చౌదరి. కాపురానికి రావాలంటూ ఒక సినీనటి మీద ఆమె భర్త కడప సబ్‌కోర్టులో వేసిన కేసు ఆయన ముందుకు వచ్చింది. అలాంటి డిక్రీలకు వీలిచ్చే హిందూ వివాహ చట్టంలోని 9వ సెక్షన్‌నే ఆయన కొట్టేశారు. సెక్షన్ భార్యాభర్తలిద్దరికీ ఒకటే కావచ్చు, కానీ ఇష్టంలేని కాపురంలో గర్భం మోయాల్సి వచ్చేది స్త్రీయే. ఆ తేడాను అంత సూటిగా తీర్పులోకి తేవడమే ఆయన గొప్పతనం. కాపురానికి రమ్మని డిక్రీ ఇచ్చే ఈ పద్ధతి ఇంగ్లండు చర్చి కోర్టుల నుంచి మనకు వచ్చింది. అక్కడ దాన్ని 1970లోనే రద్దు చేశారు!

1984లో సుప్రీంకోర్టు ఆయన అభిప్రాయంతో విభేదించింది, సెక్షన్ నిలిచింది. ఆయన తీర్పుకు ఆధారమైన గోప్యత ప్రాథమిక హక్కేనని 2017లో తొమ్మిదిమంది న్యాయమూర్తుల ధర్మాసనం తేల్చాక, ఆ 9వ సెక్షన్‌ను సవాలు చేస్తూ సుప్రీంకోర్టులో మళ్లీ పిటిషన్ పడింది.

1987లో జస్టిస్ చౌదరిదే ఇంకో తీర్పు: హైదరాబాద్‌లో పార్కుకు కేటాయించిన స్థలంలో ఎల్‌ఐసీ, ఆదాయపు పన్ను శాఖ ఇళ్లు కట్టకూడదని. జీవించే హక్కులో పర్యావరణ రక్షణ కూడా భాగమేనన్నారు.