వేగము కంప్యూటరులో ఉన్నదా, తీగలో ఉన్నదా?



గత సంవత్సరము ఒక శనివారం సాయంత్రం మా సంఘములోని మిర్చి రైతు ఒకరు మా ఇంటికి వచ్చారు. "అయ్యగారూ, అమ్మాయి నర్సింగు కాలేజీల పేర్లు ఇంటర్‌నెట్‌లో పెట్టుకోవాలంట. రేపటితో గడువు సరి. మా ఇంట్లో పేజీ తెరుచుకోవడమే లేదు" అన్నారు. అప్పటికే ఒక షాపులో 700 రూపాయలు ఇచ్చి, కంప్యూటరులో "సెట్టింగులు" మార్పించి, "స్పీడు పెంచే" ప్రోగ్రాము వేయించుకున్నారు. ఫలితము లేదు. కూలి డబ్బు పోయిందన్న బాధ కన్నా బిడ్డ సీటు పోతుందన్న భయమే వారి ముఖములో కనిపించింది.

మేము ఇంజనీరులము కాము. ఇలాంటి ఇబ్బంది మా ఇంట్లోనూ పడి, తెలిసినవారిని అడిగి, చదివి నేర్చుకున్నదే మీ ముందుంచుతున్నాము.

మన పల్నాడు రైతుకు కాలువ సంగతి చెప్పనక్కరలేదు. సాగర్ కుడి కాలువ నుండి తూముకు ఎంత నీరు వదిలితే అంతే మన చేనికి వస్తుంది. చేలో బోదె ఎంత వెడల్పు చేసినా తూములో నీరు పెరగదు. అయితే గట్టుకు ఎలుక బొరియలు ఉంటే వచ్చిన నీరు కూడా దారిలోనే పోతుంది. ఇంటర్‌నెట్ కూడా ఇంతే. విండోస్‌లో ఏ సెట్టింగు మార్చినా తీగలో వచ్చే వేగము పెరగదు. బొరియలు పూడ్చుకోవడం మాత్రం మన చేతిలో ఉన్నది.

మరి ఈ సెట్టింగుల మాట ఎలా పుట్టింది? ఒకప్పుడు అందులో నిజము ఉన్నది. మన దేశములో 1995 ఆగస్టు 15న ఇంటర్‌నెట్ ప్రజలకు అందుబాటులోకి వచ్చినప్పుడు అది టెలిఫోను తీగ మీదనే నడిచేది. ఆనాటి విండోస్‌లో కొన్ని అంకెలు ఆ నెమ్మది తీగకు సరిపడేవి కావు. మార్చుకుంటే కొంత మేలు కలిగేది. 2007లో వచ్చిన విండోస్ విస్టా నుండి ఆ లెక్కను కంప్యూటరే సరిచూసుకొంటున్నది. "విండోస్ నూటికి ఇరవై పాళ్ల వేగము దాచుకుంటుంది, దానిని విడిపించాలి" అన్న మాట నేటికీ తిరుగుతున్నది. అది అపోహ. ప్రత్యేకముగా కోరిన ప్రోగ్రాము వాడనప్పుడు ఆ భాగము కూడా మిగతావాటికి అందుతుందని మైక్రోసాఫ్ట్ వారే వివరించారు. డీఎన్‌ఎస్ మార్చితే పేజీ చిరునామా కాస్త త్వరగా దొరకవచ్చు గాని, పేజీ వచ్చే వేగము పెరగదు.

ఆ రాత్రి వారింటికి వెళ్లాము. వారు తీసుకున్నది 15 ఎంబీపీఎస్ ప్లాను. లోపలి గదిలో వైఫై మీద కొలిస్తే 2 కూడా రాలేదు. వైఫై పెట్టె ముందు వసారాలో ఉన్నది. మధ్య రెండు రాతి గోడలు. కంప్యూటరును పెట్టె దగ్గరకు తెచ్చి తీగతో కలిపితే 6 వచ్చింది. తరువాత చూస్తే వారి అబ్బాయి ఫోను పెళ్లి ఫోటోలన్నీ పైకి పంపుతున్నది. కంప్యూటరు లోపల విండోస్ అప్‌డేట్ దిగుతున్నది. రెండూ ఆపించాము. షాపువారు వేసిన ప్రోగ్రాము ప్రకటనలు చూపడం తప్ప చేసిందేమీ లేదు గనుక దానినీ తీసివేశాము. మళ్లీ కొలిస్తే 14. పదకొండు గంటల లోపే అమ్మాయి తన కాలేజీల పేర్లు పెట్టుకున్నది. ఆ తల్లి కన్నీళ్లు తుడుచుకుంటూ మాకు టీ ఇచ్చింది.

కాబట్టి డబ్బు ఖర్చు చేయకముందు మీరే ఇలా చేయండి. పెట్టెను ఇంటి మధ్యలో, ఎత్తుగా ఉంచండి. ఒకే కంప్యూటరును తీగతో కలిపి, మిగతా ఫోనుల వైఫై ఆపి వేగము కొలవండి. విండోస్‌లో ఆ కనెక్షన్‌ను "మీటర్డ్"గా పెడితే అప్‌డేట్‌లు చాలావరకు ఆగుతాయి. పని అయ్యాక తీసివేయండి, అప్‌డేట్‌లు రక్షణకు అవసరము. "డెలివరీ ఆప్టిమైజేషన్" ఆపితే మీ కంప్యూటరు ఇతరులకు అప్‌డేట్‌లు పంచడం మానుతుంది. నెల డేటా అయిపోయిందేమో కూడా చూడండి. చాలా ప్లానులలో ఆ తరువాత వేగము తగ్గించివేస్తారు.

ఒక లెక్క గుర్తుంచుకోండి. 15 ఎంబీపీఎస్ అంటే సెకనుకు 15 మెగాబైట్లు కాదు. ఎనిమిదితో భాగిస్తే రెండుకు లోపే. 2017 డిసెంబరు 27న నాటి రాష్ట్రపతి శ్రీ రామ్‌నాథ్ కోవింద్ గారు ఏపీ ఫైబర్ గ్రిడ్‌ను ప్రారంభించినప్పుడు నెలకు 149 రూపాయలకు చెప్పిన వేగము కూడా ఈ 15 ఎంబీపీఎస్సే.

ఇంత చేసినా తీగ మీదనే వేగము రాకపోతే తప్పు మీ కంప్యూటరుది కాదు. కొలిచిన అంకె, తేదీ, సమయము కాగితము మీద వ్రాసి, కనెక్షన్ ఇచ్చినవారిని అడగండి. తూములో నీరు రానప్పుడు అడగవలసింది కాలువ వారినే గదా!