నడుమ పలచబడిన దుప్పటి

దుప్పటి ముందుగా ఎక్కడ చిరుగుతుందో గమనించారా? అంచుల దగ్గర కాదు, మనము పడుకొనే చోటనే. వీపు, మడమలు ఒరిసి ఒరిసి నడిమి భాగం దోమతెరవలె పలచబడుతుంది. పక్కలు మాత్రం కొత్తవాటివలెనే ఉంటాయి. అటువంటి దుప్పటిని ఇల్లు తుడిచే గుడ్డగా చేసేవారే ఎక్కువ. మేమును అదే చేసేవారము.

మా అమ్మగారు మంచాన పడిన తరువాత రోజుకు రెండు మూడు దుప్పట్లు మార్చవలసి వచ్చేది. పాస్టరు జీతముతో ఎన్నని కొనగలము? మూలనపడిన చీరాల నేత దుప్పట్లు రెంటిని మా ఇంటావిడ బయటకు తీసి, నిలువునా నడిమికి కత్తిరించి, పక్క అంచులను మధ్యకు తెచ్చి మిషను మీద కలిపి కుట్టినది. చిరిగిన భాగం ఇప్పుడు రెండు పక్కలకు పోయింది. దానిని కత్తిరించి అంచు మడిచి కుట్టగా, వెడల్పు కొంత తగ్గినా మంచానికి సరిపోయినది. బ్రిటనులో 1941 జూన్ నుండి 1949 మార్చి వరకు బట్టలకు రేషను ఉన్న కాలంలో అక్కడి గృహిణులును ఇట్లే చేసికొన్నారు.

అయితే రెండు రోజులకే అమ్మగారి వీపు మీద కుట్టు వెంబడి ఎర్రని గీత కనబడినది! కదలలేని రోగికి వీపు క్రింద చిన్న మడత ఉన్నా పుండు పడుతుందని నర్సమ్మగారు మందలించారు. ఆ రాత్రే కుట్టు విప్పివేశాము. నేత అంచుకు పోగులు ఊడవు గనుక మడవనక్కరలేదు. రెండు అంచులను ఒకదానిమీద ఒకటి ఎక్కకుండ ఆనించి, చేతి సూదితో దగ్గర దగ్గరగా చుట్టుకుట్టు వేసి, తెరచి గోటితో అదిమితే చేతికి గట్టు తగలదు. ఈ పనికి మిషను కన్న చేయే మేలు.

చిన్న చిరుగైతే మాసిక చాలును. గుడ్డ చిరుగు కన్న అన్ని వైపుల రెండు వేళ్ల వెడల్పు పెద్దదిగా ఉండాలి. కొత్తగుడ్డ అయితే ముందు ఉతికి ఆరవేయండి, లేకపోతే అది ముడుచుకొని పాతదానిని లాగి చింపుతుంది. మత్తయి సువార్త 9వ అధ్యాయములో ప్రభువు ఈ సంగతినే ఎత్తి మాట్లాడినప్పుడు, వినినవారికి వివరము అక్కరలేకపోయి ఉండును. దారము నూలుదే వాడండి. గట్టి పాలిస్టరు దారము నీరసించిన బట్టను కోస్తుంది. చేతులతో లాగితే కుట్టు పక్కనే చిరిగిపోయేటంత పాతదైతే, ఇక ఆశ వదలుకొని బొంత లోపలి పొరకు వాడుకొనవలసినదే.

ఆ రెండు దుప్పట్లు అమ్మగారికి కడవరకు ఆదుకొన్నవి. వాటిలో ఒకదాని కుట్టు ఈమధ్య ఊడినది. ఇంటావిడకు చూపు ఆనక, ఈసారి సూది మేమే పట్టితిమి. కుట్లు వంకరగానే పడినవి గాని, గట్టు మాత్రం తగలడం లేదు.