పాస్‌పోర్టు మన దేశానిదే, ఓటే అందడం లేదు

అమలాపురం, రాజోలు, పి.గన్నవరం అసెంబ్లీ సీట్లు ఎస్సీ రిజర్వుడు. అమలాపురం లోక్‌సభ సీటూ అంతే. ఈ సీట్ల పరిధిలోని దళితవాడల నుంచి, కొత్తపేట వైపు ఊళ్ల నుంచి ఎందరో కువైట్, దుబాయ్, మస్కట్, ఖతర్‌లకు పనికి వెళ్లారు. వారిలో ఇంటిపనికి వెళ్లిన ఆడవాళ్లు చాలామంది. వాళ్లు పంపే డబ్బుతో ఇక్కడ ఇళ్లు లేస్తున్నాయి. ఎన్నికల రోజున మాత్రం వాళ్లు లెక్కలో ఉండరు.

చట్టంలో వాళ్లకు ఓటు ఉంది. 2010లో ప్రజాప్రాతినిధ్య చట్టానికి చేర్చిన 20ఏ సెక్షన్ ప్రకారం, విదేశాల్లో ఉంటున్న భారత పౌరులు ఫారం 6ఏ నింపి, పాస్‌పోర్టులోని చిరునామా ఉన్న నియోజకవర్గంలో ఓటరుగా చేరవచ్చు. కానీ ఓటు వేయాలంటే పాస్‌పోర్టు పట్టుకుని సొంతూరి బూత్‌కే రావాలి. యజమాని సెలవివ్వని, టికెట్టుకు డబ్బుల్లేని ఇంటిపని మనిషికి అది ఓటు లేనట్టే.

ఇటలీ మరో దారి పట్టింది. విదేశాల్లోని తన పౌరులు అక్కడి నుంచే పోస్టులో ఓటేస్తారు. పార్లమెంటులో వాళ్లకు విడిగా సీట్లున్నాయి: ఇప్పుడు దిగువ సభలో 8, సెనేట్‌లో 4. ఇటలీ ద్వంద్వ పౌరసత్వాన్ని ఒప్పుకుంటుంది. అందుకే కెనడాలో పుట్టి రెండు దేశాల పౌరురాలైన ఫ్రాంచెస్కా లా మార్కా, ఉత్తర, మధ్య అమెరికాలోని ఇటాలియన్ల తరఫున 2013, 2018లో దిగువ సభకు, 2022లో సెనేట్‌కు ఎన్నికయ్యారు.

మన దేశం ద్వంద్వ పౌరసత్వాన్ని ఒప్పుకోదు. ఓసీఐ కార్డున్నవారికి ఓటు లేదు, పోటీ చేసే హక్కూ లేదు. అయినా తెలంగాణలో వేములవాడ నుంచి చెన్నమనేని రమేష్ 2009, 2010 ఉప ఎన్నిక, 2014, 2018లో నాలుగుసార్లు గెలిచారు. ఆయన జర్మనీ పౌరుడేనని హైకోర్టు 2024 డిసెంబరులో తేల్చి, 30 లక్షల రూపాయల ఖర్చులు విధించింది. తీర్పు వచ్చేసరికి ఆ పదవీకాలాలన్నీ ముగిసిపోయాయి.

ఈ రెండూ పక్కపక్కన పెట్టి చూడండి. కోర్టు విదేశీయుడన్న మనిషి ఏళ్ల తరబడి అసెంబ్లీలో కూర్చోగలిగారు. గల్ఫ్‌లో ఎన్నేళ్లు చాకిరీ చేసినా భారత పౌరురాలిగానే మిగిలే రాజోలు దళిత స్త్రీ మాత్రం ఒక్క ఓటు వేయలేకపోతోంది.

దారి లేక కాదు. సైనికులు పోస్టల్ బ్యాలెట్‌తోనో, తమ బదులు మరొకరి చేతనో ఓటేస్తున్నారు. ప్రవాసులకు ప్రాక్సీ ఓటు ఇచ్చే బిల్లు 2018లో లోక్‌సభ దాటింది, 2019లో సభ రద్దవడంతో మురిగిపోయింది. ప్రాక్సీ వస్తే ఆ ఓటు ఇంటి మగవాడి చేతిలోకో, ఊరి పెద్ద చేతిలోకో పోయే ప్రమాదముంది. ఇంటిపని చేసే ఆడవాళ్లకు కావలసింది తమ చేత్తో తామే వేసే పోస్టల్ ఓటు.

ముందుగా మనం చేయగలిగింది ఒకటుంది. గల్ఫ్‌లోని మన అక్కచెల్లెళ్ల చేత ఫారం 6ఏ నింపిద్దాం. జాబితాలో పేర్లు కనబడితేనే, రిజర్వుడు సీట్లలో గెలిచినవాళ్లు వాళ్ల కష్టాలకు జవాబు చెప్పుకోవలసి వస్తుంది.