ఎడారి విడిదిలో సంచాయక ఘటములు

అమెరికా సంయుక్త రాష్ట్రములలో, ఆరిజోనా రాష్ట్రమున క్వార్ట్‌జ్‌సైట్ అను చిన్న ఊరు కలదు. శీతకాలమున ఉత్తరపు మంచుకు తాళలేనివారు ఇంటివంటి బండ్లను కారు వెనుక తగిలించుకొని వచ్చి, ఆ ఊరి చుట్టునున్న ప్రభుత్వపు ఎడారి భూములలో నెలల తరబడి విడిసియుందురు. బండికి కరెంటు తీగ తగిలించు ఏర్పాటు అచట లేదు. దీపములు, నీటి పంపు, వెచ్చదనమునిచ్చు గ్యాసు కొలిమికి గాలి ఊదు పంకా, అన్నియు బండిలోని బ్యాటరీలపైననే నడువవలెను. అవి అడుగంటినచో పంకా ఆగును. గ్యాసు నిండుగానున్నను కొలిమి వెలుగదు. ఎడారి రాత్రులు మిక్కిలి చల్లనివి.

1859లో ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు గాస్టన్ ప్లాంటే నిర్మించిన సీసపు ఘటమే రూపము మారి నేటికిని ఇట్టి బండ్లు పెక్కింటిలో ఉన్నది. మన ఇండ్లలో ఇన్వర్టరుకు తగిలించునదియు సాధారణముగా ఇదియే. విద్యుత్తును వాడుకొనునపుడు సీసపు పలక, సీసపు పెరాక్సైడు పలక రెండును సీసపు సల్ఫేటుగా మారును, గంధకికామ్లము పలుచనగును. ఎదురు దిశలో ప్రవాహమును పంపినచో పలకలు పూర్వస్థితికి వచ్చును. కాని సల్ఫేటును చాలకాలము అట్లే ఉంచినచో గట్టి స్ఫటికములు కట్టును; అవి మరల మారుట కష్టము. కనుక ఘటమును సగమునకు మించి ఖాళీ కానీయక, వెంటనే నింపుట మంచిది.

ఇందుకు పెట్రోలుతో నడచు చిన్న జనరేటరును తెచ్చుకొందురు. చాల జనరేటర్లపై ‘12 ఓల్టులు’ అని వ్రాసిన సాకెట్టు ఒకటి ఉండును. బ్యాటరీయు 12 ఓల్టులదే కదా, తీగలు కలిపిన చాలునని తోచును. అయితే ఆ సాకెట్టు ఇచ్చునది సుమారు 8 ఆంపియర్లు మాత్రమే. 220 ఆంపియర్-గంటల బ్యాటరీ సగము ఖాళీ అయినదనుకొందము. దానిని 80 శాతమునకు తెచ్చుటకు 66 ఆంపియర్-గంటలు కావలెను; 8 ఆంపియర్లతో ఎనిమిది గంటలకు పైగా పట్టును. అదే జనరేటరు ఇచ్చు 120 ఓల్టుల ఏకాంతర ప్రవాహమును బండిలోని 45 ఆంపియర్ల చార్జరుకు అందించినచో రెండు గంటలలో పని ముగియును. ఆ చార్జరు 14.4 ఓల్టుల వరకు పోగలదై ఉండవలెను. 13.6 ఓల్టుల వద్దనే నిలుచు పాతరకపుది 45 ఆంపియర్లు ఇచ్చుట కొద్దిసేపే.

జనరేటరు ఎంతటిది కావలెను? 14.4ను 45తో గుణించిన దాదాపు 650 వాట్లు. చార్జరులో వ్యర్థమగు దానిని కలిపిన 800 వాట్లు. పవర్ ఫ్యాక్టరు 0.7 అయినచో జనరేటరుపై పడు భారము 1150 ఓల్ట్-ఆంపియర్ల వరకు పోవును. 1000 వాట్లది చాలునని కొన్నవారు చిక్కుపడునది ఇచటనే.

చివరి 20 శాతము వేరు సంగతి. మారవలసిన సల్ఫేటు తగ్గినకొలది ఘటము తక్కువ ప్రవాహమునే స్వీకరించును. బలవంతముగా పంపినది నీటిని జలజని, ఆమ్లజని వాయువులుగా విడగొట్టును. జలజని మండునది గావున బ్యాటరీ పెట్టెకు గాలి ఆడవలెను. ఈ మిగిలిన భాగము నిండుటకు గంటలకొలది పట్టును. అంతసేపు పెట్రోలు కాల్చుట దండుగ. పగలంతయు నిదానముగా పనిచేయు సౌరఫలకము దానికి తగినది.

జనరేటరును బండికి కనీసము 20 అడుగుల దూరమున, పొగగొట్టము అవతలి వైపునకు తిరిగియుండునట్లు ఉంచవలెను. పొగలోని కార్బన్ మోనాక్సైడునకు రంగు లేదు, వాసన లేదు. అది రక్తములోని హీమోగ్లోబినును ఆమ్లజని కంటె రెండువందల రెట్లకు పైగా గట్టిగా పట్టుకొనును. నిద్రించువానికి ఊపిరాడని బాధయైనను తెలియదు.