మాడ్రిడ్‌లో ఒకే దారిలో మూడు మ్యూజియాలు

స్పెయిన్ రాజధాని మాడ్రిడ్ నడిబొడ్డున చెట్ల నీడలో సాగే వీధి పసేయో దెల్ ప్రాడో. చిత్రకళకు పేరుమోసిన మూడు మ్యూజియాలు దాని వెంట నడిచి వెళ్లేంత దగ్గర్లో ఉన్నాయి. ఒకటి రాజులు పోగేసింది, ఒకటి సంపన్న కుటుంబం కొన్నది, మరొకటి అంతర్యుద్ధం చవిచూసిన దేశం నిలబెట్టుకున్నది. 2021లో యునెస్కో ఈ వీధినీ, పక్కనున్న రెతీరో తోటనూ ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది.

రాజుల సేకరణతో ప్రాడో మ్యూజియం 1819లో తెరుచుకుంది. ఐరోపా చిత్రకళ మొత్తం అక్కడ వరుసగా దొరుకుతుందనుకుంటే పొరపాటే. రాజులు మెచ్చిన టిషన్, రూబెన్స్, బాష్ బొమ్మలు గదులకు గదులు నిండి ఉంటాయి. వాళ్ల కంట పడనివి అంతంతమాత్రం. వెలాస్కెజ్ 1656లో గీసిన ‘లాస్ మెనినాస్’ ముందు ఎప్పుడూ జనమే. చిన్నారి రాకుమారి, చెలికత్తెలు, కునుకు తీస్తున్న కుక్క, కుంచె పట్టుకున్న చిత్రకారుడు... వీళ్లందరి వెనక గోడకున్న అద్దంలో రాజూ రాణీ మసకగా కనిపిస్తారు. చిత్రకారుడి ఛాతీ మీది ఎర్ర శిలువ మాత్రం తర్వాత చేర్చింది. ఆ గుర్తు ధరించే హోదా ఆయనకు దక్కింది 1659లో!

కింది అంతస్తులో గోయా ‘నల్ల చిత్రాలు’ పద్నాలుగు ఉన్నాయి. చెవుడు వచ్చిన ముసలితనంలో ఆయన వాటిని ఎవరి కోసమూ వేయలేదు, సొంత ఇంటి గోడల మీద వేసుకున్నాడు. ఆయన పోయాక చాలా ఏళ్లకు వాటిని గోడల నుంచి ఊడదీసి కాన్వాస్ మీదికి ఎక్కించారు.

ప్రాడోలో లేనివి చాలావరకు ఎదుటి థిస్సెన్ మ్యూజియంలో కనిపిస్తాయి. ఇంప్రెషనిస్టులు, జర్మన్ ఎక్స్‌ప్రెషనిస్టులు, అమెరికన్ చిత్రకారులు ఇక్కడ ఉన్నారు. థిస్సెన్-బోర్నెమిస్సా కుటుంబం సేకరించిన ఈ చిత్రాలను స్పెయిన్ ప్రభుత్వం 1993లో 35 కోట్ల డాలర్లకు కొనేసింది.

మూడోది రెయినా సోఫియా, ఒకప్పటి ఆసుపత్రి భవనం. జనమంతా వచ్చేది పికాసో ‘గెర్నికా’ కోసమే. అంతర్యుద్ధం నడుస్తుండగా 1937 ఏప్రిల్ 26న, తర్వాత నియంత అయిన తిరుగుబాటు సేనాని ఫ్రాంకోకు తోడొచ్చిన జర్మన్, ఇటాలియన్ విమానాలు గెర్నికా పట్టణంపై బాంబులు కురిపించాయి. కొద్ది వారాల్లోనే పికాసో 25 అడుగులకు పైగా వెడల్పున్న ఈ చిత్రాన్ని నలుపు, తెలుపు, బూడిద రంగుల్లో పూర్తిచేశాడు. దేశంలో స్వేచ్ఛ తిరిగి వచ్చాకే దీన్ని స్పెయిన్‌కు పంపాలని ఆయన షరతు పెట్టాడు. దాంతో దశాబ్దాల పాటు న్యూయార్క్‌లో ఉండి, 1981లో వచ్చింది.

దీన్ని చూసేముందు ప్రాడోలో గోయా ‘1808 మే 3’ను చూడటం మంచిది. నెపోలియన్ సైనికుల తుపాకుల ముందు తెల్ల చొక్కా మనిషి చేతులెత్తి నిలబడి ఉంటాడు. గెర్నికా కుడి చివరనా అలా చేతులెత్తిన మనిషే. రెండింటి మధ్యా దాదాపు నూటపాతికేళ్లు.

ఒక్కరోజులో మూడూ చుట్టేయాలంటే కాళ్లతోపాటు కళ్లూ అలిసిపోతాయి. రోజుకొకటి, అందులోనూ పది చిత్రాలు చాలు. ప్రాడో గదుల్లో ఫొటోలు తీయనివ్వరు. రెయినా సోఫియాకు మంగళవారం సెలవు. ప్రాడోలో సాయంత్రం చివరి రెండు గంటలు ప్రవేశం ఉచితం, కాకపోతే క్యూ పొడుగ్గా ఉంటుంది. వేళలు మారుతుంటాయి కాబట్టి బయల్దేరేముందు మ్యూజియం వెబ్‌సైట్‌లో ఒకసారి సరిచూసుకోండి.