జూదరు లందఱు నొక్క తీరువారు కారు

సంక్రాంతికి కోడిపందెముల బరులు, శివరాత్రి జాగరమునకు పేకాటలు, తిరునాళ్లలో గుండాటలు మన కృష్ణాతీరమునకు క్రొత్తవి కావు. బందరు పేటలలోను, గుడివాడ వీధులలోను, దివిసీమ పల్లెలలోను తాతల నాటనుండి యున్నవే. 2022 సంక్రాంతికి గుడివాడలో క్యాసినో నడపి రని పెద్ద వివాదము పుట్టి పత్రికల కెక్కినది. అందలి నిజానిజముల జోలికి మేము పోము. పండుగ గడచి బరి యెత్తివేసిన పిదప పందెము కాచినవారిలో ననేకులు చేలకును దుకాణములకును మరలిపోవుదురు. కొందఱు మాత్రము మరలరు. వారిని గుఱించియు, వారి యింటి యిల్లాండ్రను గుఱించియు నాలుగు మాటలు వ్రాయ దలచితిమి.

ఇటీవలి కాలమున బరికి పోవలసిన పనియే లేకపోయెను. రమ్మీయు, క్రికెట్టు పందెములును చేతిలోని ఫోనులోనికే వచ్చి రాత్రింబవళ్లు నడచినవి. మన రాష్ట్రము 1974 నాటి గేమింగ్ చట్టమును 2020లో సవరించి వీనిని నిషేధించెను. 2025 ఆగస్టులో పార్లమెంటు సొమ్ము పెట్టి యాడు ఆన్‌లైన్ ఆటలను దేశమంతట నిషేధించుచు చట్టము చేసెను. మంచిదే. కాని యంగడి మూసినంతనే అలవాటు మానదు. చాటుమాటున నడచు ఆటలు వెదకువానికి దొరకుచునే యుండును.

జూదరిని మనవారు చూచు చూపు రెండు విధములు. బుద్ధిలేనివా డని తిట్టుట యొకటి; పెండ్లి చేసిన కుదురుకొను నని యొక పిల్లను తెచ్చి వాని మెడకు కట్టుట రెండవది. ఈ రెండవ చికిత్స వలన రోగి బాగుపడిన జాడ మాకు కానరాలేదు గాని, నిష్కారణముగా మఱొక ప్రాణి దుఃఖపడిన యిండ్లు మాత్రము మన యెఱుకలో చాల గలవు. వైద్యశాస్త్ర మిప్పుడు దీనిని వ్యాధి యనుచున్నది. అమెరికా మానసికవైద్యుల సంఘము 1980లో దీనిని తమ రోగముల పట్టికలో చేర్చెను. 2013లో దాని స్థానము మార్చి మద్యము, నల్లమందు మొదలగు వ్యసనముల సరసన నుంచెను. 2022 నుండి అమలులోనికి వచ్చిన ప్రపంచ ఆరోగ్యసంస్థ పట్టికలోను ఇది యున్నది. తొమ్మిది లక్షణములు చెప్పి, ఏడాదిలో నాలుగు కనబడినచో వ్యాధి యని అమెరికావారి నిర్ణయము. ఆడకున్న చిరాకు పడుట, నానాటికి పెద్ద పందెము కోరుట, ఇంటివారితో అబద్ధమాడుట, దుఃఖము కలిగినప్పుడు ఆటకు పరుగెత్తుట, అప్పు తీర్పుమని యితరుల నడుగుట మొదలగునవి అందు గలవు. అన్నిటికంటె ముఖ్యమైన గుఱుతు, పోయిన సొమ్మును ఆటలోనే రాబట్టుద మని మఱునాడు మరల పోవుట. నలుడు పుష్కరునికి రాజ్యము నోడి, ఋతుపర్ణునివద్ద అక్షహృదయము నేర్చి మరల నాడి గెలిచె నని భారతమున నున్నది. ఆ కథలో నీ కడపటి భాగము జూదరి చెవిని పడకుండుటే మేలని మాకు తోచును.

ఇక అసలు సంగతి. చికిత్సకు వచ్చిన జూదరులను పరిశీలించినవారికి వా రొకే మూసలో పోసినవారు కా రని తెలియవచ్చెను. బ్లాష్చిన్స్కీ, నోవర్ అను నిద్దఱు పండితులు 2002లో వీరిని మూడు త్రోవల వారినిగా విభజించి చూపిరి. ఆ మూడు త్రోవలను మన సీమ మనుష్యులలో నెట్లుండునో చెప్పి చూచెదము. ఇందు మేము చెప్పునవి తీరులే గాని, ఏ యొక్క యింటి కథయు కాదు.

మొదటి త్రోవవాడు గుడివాడలో చిల్లర దుకాణము నడుపుకొను గృహస్థు అనుకొందము. త్రాగుడు లేదు, దిగులు లేదు. స్నేహితుని ప్రోద్బలమున రమ్మీ మొదలిడెను. మొదటి వారములో కొంత గెలిచెను. అంతే, ఆట మరగెను. ప్రతిసారి గెలిచిన విసుగు పుట్టును, ఎన్నడు గెలువకున్న మానివేయును. ఎప్పుడు వచ్చునో తెలియని గెలుపే మనస్సును పట్టి యుంచును. గాలము వేసి బెండు వంక కన్నార్పక చూచువానిని మన కాలువగట్లపై నెవ రెఱుగరు? ఒక్క ముక్క తగ్గి ఆట పోయినచో అది ఓటమివలె తోచదు, చేరువకు వచ్చిన గెలుపువలె తోచును. వీనికి దిగులు తరువాత వచ్చును, అప్పులతో కూడ వచ్చును. ముందు వెనుకల నీ భేదము చాల ముఖ్యము. ఇట్టివాడు వేళకు వైద్యుని చేరినచో తక్కువ కాలములోనే గట్టెక్కుటకు వీలు గలదు. ఆటను గుఱించిన తప్పుడు లెక్కలను మాటలతో విప్పి చూపుట, సొమ్ము వానికి అందకుండ చేయుట, ఆటవేళకు మఱొక పని కల్పించుట ఇవియే చికిత్స.

రెండవ త్రోవవాడు వేఱు. వీనికి దిగులే ముందు, ఆట తరువాత. దివిసీమలో కౌలుకు చెఱువు తీసికొని రొయ్యలు పెంచు రైతును తలచుకొనుడు. తెల్లమచ్చ తెగులు సోకెనా, కొలది దినములలో చెఱువంతయు చచ్చి తేలును. తుపాను వచ్చెనా, గట్లు తెగును. 1977 నవంబరు 19 నాటి యుప్పెనను కన్నవా రింకను ఆ సీమలో నున్నారు. గాలి కొంచెము హెచ్చినచో నిదుర పట్టనివారును గలరు. ఇట్టి భయము, చిన్ననాటి దుఃఖము, పోయిన బిడ్డను గుఱించిన వ్యథ ఏదో యొకటి లోపల నుండగా ఆటకు కూర్చున్నవాడు గెలువ వలె నని కూర్చుండడు. ఆ రెండు గడియలు ఏమియు జ్ఞప్తికి రాకుండ నుండుటే వాని కోరిక. ఇంటిలో దీనిని కనుగొనుట సులభము: గెలిచి వచ్చిన నాడును వాని ముఖమున సంతోష ముండదు. వానిచేత ఆట మాత్రమే మాన్పించి దిగులునకు వైద్యము చేయింపకున్న, మఱొక దారిని, తఱచుగా సీసా దారిని, పట్టును. రెంటికిని కలిపి చికిత్స చేయింపవలెను.

మూడవ త్రోవవాడు చిన్ననాటినుండియే నిలకడ లేనివాడు. బడిలో కుదురు లేదు; ఏ పనియు కడదాక చేయడు; ముందు చేసి పిదప ఆలోచించును. త్రాగుడు, తగవులు, బండి వేగము అన్నియు నుండును, వానిలో జూద మొకటి. బందరు వంటి పట్టణములలో పోలీసులో అప్పులవారో తరిమినప్పుడు మాత్రమే యీతడు వైద్యుని గడప త్రొక్కును; గండము గడచినంతనే రాక మానును. వైద్యము నడుమ విడిచిపోవువారిలో ఇట్టివారు హెచ్చు. ఇతడు చెడ్డవాడని విడిచిపెట్టు మని మేము చెప్పము. ఇట్టివారిలో కొందఱికి బాల్యమునుండియే చపలత్వ వ్యాధి యుండును. దానికి మందులు గలవు. కాని యింటివారు మూడు నెలలలో మాఱవలె నని గడువు పెట్టుకొనరాదు.

మనుష్యు లెల్లరును గిరిగీసినట్లు ఈ మూటిలో నొకదానిలో నిముడుదు రని తలపరాదు. రెండు త్రోవలు కలిసినవారును గలరు.

ఇక పై మూటిలోను చేరని యొక సంగతి పెద్దవారున్న యిండ్లవా రందఱు నెఱుగ దగినది. వణుకుడు రోగమునకు, అనగా పార్కిన్సన్ వ్యాధికి, ఇచ్చు ప్రమిపెక్సోల్, రోపినిరోల్ వంటి మందుల వలన కొందఱు వృద్ధులకు జూదమునందు విపరీతమైన యాసక్తి పుట్టుచున్న ట్లిరువది యేండ్ల క్రిందటనే వైద్యులు గుర్తించిరి. ఆ జన్మాంతము పేక ముట్టని తాతగారు మందు మొదలిడిన కొన్ని నెలలకు పందెములకు దిగినచో, ముసలితనమున చెడిపోయె నని నవ్వరాదు, తిట్టరాదు. వెంటనే ఆ మందు వ్రాసిన వైద్యునికి చెప్పవలెను. మాత్రలను తగ్గించినచో పెక్కుమందికి ఆ కోరిక పోవును. మీయంతట మీరు హఠాత్తుగా మాన్పింపకుడు; దానివలన వేఱు ప్రమాదములు గలవు.

స్త్రీల మాట యేమందురా? జూదము మగవారి రోగమే యనుట సరికాదు. స్త్రీలు మగవారికంటె పెద్ద వయస్సున ఆట కలవాటు పడుదురనియు, పడిన పిదప వ్యాధి మాత్రము త్వరగా ముదురుననియు పరిశోధకు లనేకులు వ్రాసిరి. ఒంటరితనము, దుఃఖము మఱచుటకై యాడుట వీరియందు హెచ్చు. చికిత్సకు వచ్చువారు మాత్ర మతి స్వల్పము. ఏలన, త్రాగిన భర్తను ఆసుపత్రికి తోడ్కొనిపోవు భార్యను లోకము మెచ్చును. జూదమాడిన భార్యను తోడ్కొనిపోవు భర్త తానే సిగ్గుపడును. మెడలోని గొలుసు కుదువకు పోయి, దాని చోట చిలకలపూడి గిల్టు గొలుసు వచ్చిన సంగతి యింటివారికి నెలల తరబడి తెలియకపోవచ్చును. ఆ నగల పనివారి నేర్పును మేమును మెచ్చుదుము గాని, ఇట్టి పనికి అది తోడ్పడుట విచారకరము.

ఎట్టి చికిత్సయు లేకయే బాగుపడువారు లేరా? కలరు. 2006లో వెలువడిన అమెరికా లెక్కలనుబట్టి వ్యాధిగ్రస్తులలో మూడింట నొక వంతువారు వైద్యుని చేరకయే మానిరి. మొదటి త్రోవవారికి ఇందు ఆశ హెచ్చని మా యూహ. మద్యవ్యసనమునకు వాడు నాల్ట్రెక్సోన్ అను మందు కొందఱిలో తహతహను తగ్గించిన ట్లగపడినది. జూదమునకే యని అమెరికా ప్రభుత్వ మామోదించిన మందు మాత్రము లేదు. తోటి వ్యసనపరులు కూడి యొకరి కథ యొకరికి చెప్పుకొను సంఘమును 1957లో లాస్ ఏంజిలీసు నగరమున స్థాపించిరి. వారి భార్యలకును బంధువులకును వేఱొక సంఘము 1960 నుండి యున్నది. ఇంటివారికిని వైద్యము వలె నని వారు గ్రహించుట మెచ్చదగినది.

అప్పు తీర్చవలెనా వలదా అను ప్రశ్న మన యిల్లాండ్రను అన్నిటికంటె నలుగగొట్టును. పుట్టింటి పొలము అమ్మించి ఒకమాఱు తీర్చినచో బుద్ధి వచ్చు నని తలంతురు. జూదరి కది బుద్ధి కాదు, క్రొత్త పెట్టుబడి. దమయంతి యేమి చేసినదో జ్ఞప్తికి తెచ్చుకొనుడు: నలుడు పాచికలు విడువ డని తెలిసినంతనే వార్ష్ణేయుని పిలిపించి బిడ్డలను కుండినపురమునకు పంపివేసినది. పతివ్రత యనిపించుకొనుటకు ఆ ముందుచూపు అడ్డురాలేదు. 1956 నాటి హిందూ వారసత్వ చట్టము 14వ సెక్షను ననుసరించి స్త్రీ తన యాస్తికి తానే పూర్తి యజమానురాలు. మీ సంతకము లేక అది పోదు. 1872 నాటి కాంట్రాక్టు చట్టము 30వ సెక్షను ననుసరించి పందెపు టొడంబడిక చెల్లదు. గెలిచిన సొమ్ము కొఱకు కోర్టున దావా వేయరాదు. జూదము కొఱకు ఇతరులవద్ద వ్రాసియిచ్చిన నోట్ల సంగతి వేఱు, దానికి వకీలు నడుగవలెను. హామీ సంతకము మాత్ర మెవ రడిగినను చేయకుడు.

చెప్పుటకు కష్టమైనను చెప్పవలసిన మాట యొకటి. అప్పులు బయటపడిన దినములలో జూదరి ప్రాణమునకు అపాయము హెచ్చు. రెండవ త్రోవవారి విషయమున మఱింత జాగ్రత్త వలెను. మన సీమ యిండ్లలో పురుగుమందు డబ్బాలు వసారాలోనే పడియుండును. వానిని ఆ పూటనే ఇల్లు దాటించుడు, లేక తాళము వేయుడు. చావవలె నని తోచుచున్నదా యని సూటిగా నడుగుడు. అడుగుట వలన లేని యూహ పుట్ట దని వైద్యుల మాట. 2022 అక్టోబరులో ప్రభుత్వము ప్రారంభించిన టెలీ మానస్ అను సహాయమునకు 14416 సంఖ్యకు ఫోను చేసినచో వెల లేకుండ తెలుగులోనే మాటాడుదురు. 2023 సెప్టెంబరులో మచిలీపట్నమున ప్రభుత్వ వైద్యకళాశాల మొదలైనది. విశాఖపట్నమున ప్రభుత్వ మానసిక వైద్యశాల చాలకాలమునుండి యున్నది. ఫోనులోని యాటలు మరగిన పిల్లలున్నవారు బెంగుళూరు నిమ్హాన్సులో 2014 నుండి నడచుచున్న ప్రత్యేక విభాగమును గూడ సంప్రదింపవచ్చును.

వైద్యునివద్దకు పోవుటకు ముందు ఒక కాగితముమీద కొన్ని సంగతులు వ్రాసికొని పొండు. ఆట మొదలైన సంవత్సరము, దిగులు ముందా, ఆట ముందా, త్రాగుడు గలదా, బాల్యమున నిలకడ యెట్లుండెను, ఇప్పుడు వాడుచున్న మందుల పేర్లు, మొత్తము అప్పు ఎంత, ఎవరెవరికి. వైద్యుడు త్రోవ పోల్చుకొనుట కివి చాలును. ఆ కాగితము జూదరి యెదుటనే, వారి చేతనే వ్రాయించిన మంచిది. చాటున వ్రాసి తెచ్చినచో వైద్యుని గదిలో అరగంట దాని తగవుకే సరిపోవును.