బోస్టన్ బ్రాహ్మణులు, ఒక కుండ

బోస్టన్‌లో చదువుకుంటున్న నా పూర్వ విద్యార్థి గత ఫిబ్రవరిలో ఐస్ హాకీ ఎరీనా నుంచి ఒక ఫోటో పంపాడు. ‘సార్, ఇక్కడ నాలుగు యూనివర్సిటీలు ఒక కుండ కోసం కొట్టుకుంటాయి’ అని కింద రాశాడు. ఆ కుండే బీన్‌పాట్.

ఈ టోర్నమెంటు పుట్టుకలో గొప్ప ఆదర్శమేదీ లేదు. క్రిస్మస్ మరునాడు ఖాళీగా పడి ఉండే బోస్టన్ ఎరీనాను నింపుకోవడానికి 1952 డిసెంబరు 26, 27 తేదీల్లో ఆ ప్రాంతపు నాలుగు విద్యాసంస్థల మధ్య పోటీ పెట్టారు. తొలి విజేత హార్వర్డ్. ట్రోఫీ చిక్కుడు గింజలు వండే కుండ ఆకారంలో ఉంటుంది. ఆ వంటకానికి తీపినిచ్చిన మొలాసిస్ ఒకప్పుడు కరీబియన్ చెరకు తోటల్లోని బానిసల శ్రమ నుంచి వచ్చింది. ఆ సంగతి ట్రోఫీ మీద రాసి ఉండదు.

నన్ను ఆకర్షించింది ఆట కాదు, ఆ నాలుగు పేర్ల వరుస. 1636 నాటి హార్వర్డ్ పాత ప్రొటెస్టెంట్ కులీనులది. బోస్టన్ యూనివర్సిటీ మెథడిస్టులు నెలకొల్పినది. బోస్టన్ కాలేజీని 1863లో జెసూట్ ఫాదరీలు ఐరిష్ క్యాథలిక్ వలసదారుల పిల్లల కోసం స్థాపించారు. నార్త్‌ఈస్టర్న్ 1898లో వైఎంసీఏ సాయంకాలపు తరగతులుగా మొదలైంది. ఏ మెట్టు వారికి ఆ బడి!

ఆ మెట్లకు మన మాటే పెట్టారు. హార్వర్డ్ వైద్య ఆచార్యుడు ఆలివర్ వెండెల్ హోమ్స్ 1860లో తన వర్గాన్ని న్యూ ఇంగ్లాండ్ ‘బ్రాహ్మణ కులం’ అని ముచ్చటపడి పిలుచుకున్నాడు. అంతకు పదేళ్ల ముందు ఆయన డీన్‌గా ఉన్నప్పుడే, వైద్య కళాశాలలో చేరిన ముగ్గురు నల్లజాతి విద్యార్థులు తెల్ల విద్యార్థుల నిరసన వల్ల బయటికి పోవలసి వచ్చింది.

‘ప్రతిభ’ వాదం కూడా అక్కడ మనకు పరిచితమైన రూపంలోనే కనిపిస్తుంది. పరీక్ష లేకుండా చేర్చుకునే కళాశాలల జాబితాను 1893లో ప్రకటించిన హార్వర్డ్ లా స్కూలు అందులో జెసూట్ కళాశాలలకు చోటివ్వలేదు. నిరసనల తర్వాత చేర్చిన బోస్టన్ కాలేజీని, హోలీ క్రాస్‌ను కొన్నేళ్లకే మళ్లీ తొలగించింది. 1899లో హార్వర్డ్ అధ్యక్షుడు ఎలియట్ ‘అట్లాంటిక్’ పత్రికలో జెసూట్ చదువును కాలం చెల్లినదిగా తీసిపారేశాడు. బోస్టన్ కాలేజీకి చెందిన తిమోతీ బ్రాస్నహన్ రాసిన జవాబును ఆ పత్రిక అచ్చువేయలేదు. తీర్పు చెప్పేదీ, వాదన వినిపించే వేదికా ఒకే వర్గం చేతిలో ఉన్నాయన్న మాట.

కాబట్టి 1952 నాటి మంచు మీద ఐరిష్ పిల్లలు హార్వర్డ్‌తో తలపడటం చిన్న విషయం కాదు. దాన్ని సమానత్వ గాథగా చెప్పడానికి మాత్రం నాకు మనసొప్పదు. 1974లో న్యాయమూర్తి గారిటీ ఆదేశంపై నల్లజాతి పిల్లలతో వెళ్లిన బడి బస్సుల మీద రాళ్లు విసిరింది ఐరిష్ జనాభా అధికంగా ఉన్న సౌత్ బోస్టన్ వీధుల్లోనే. ఆ గారిటీ కూడా ఐరిష్ మూలాలవాడే, హోలీ క్రాస్‌లో, హార్వర్డ్ లా స్కూల్లో చదివినవాడే. అంబేడ్కర్ చెప్పిన అంతస్తుల అసమానతలో పై మెట్టు మీద కోపం ఉన్నవాడికి కింది మెట్టు మీద జాలి ఉండనక్కరలేదు.

సాయంకాలపు తరగతుల నార్త్‌ఈస్టర్న్ తొలిసారి కుండ ఎత్తడానికి 28వ టోర్నమెంటు దాకా, అంటే 1980 దాకా, ఆగింది. అంతకు ముందరి ఏడాదే అది ఆ పాత ఎరీనాను కొనుక్కుంది. ఈ సంగతి చదివి నేను కొంచెం సంతోషించానని ఒప్పుకుంటాను.

నా విద్యార్థికి ఈ చరిత్రంతా ఫోనులో చెబితే నవ్వాడు. అతను గది వెతుక్కునేటప్పుడు తోటి తెలుగువాళ్లు ముందు ఇంటిపేరు అడిగారట, తర్వాత ఊరు, ఆ తర్వాత ఊళ్లో ఏ వైపు అని. బోస్టన్ పక్కనే ఉన్న బ్రాండైస్ విశ్వవిద్యాలయం 2019లో కుల వివక్షను నిషేధించింది. 2021లో హార్వర్డ్ విద్యార్థి కార్మికుల ఒప్పందంలోనూ కులం చేరింది. అద్దె గదుల దాకా ఆ నిబంధనలు రావు. చివరకు అతనికి వియత్నాం విద్యార్థుల ఇంట్లో చోటు దొరికింది. హాకీ టికెట్ కొనిపెట్టిందీ వాళ్లేనట.